కళ్లు తిప్పితే తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు ఉంది, ఒళ్లు శుద్ధి అవుతోందట. ఇది ఎన్ని రోజులు ఉంటుంది?

వెన్నెల_వాన
మూడేళ్లుగా నడుంనొప్పి. దాంతోపాటే నిద్ర పట్టకపోవడం, ఊరికే గుండె దడ. స్కాన్లన్నీ అయ్యాయి, ఆపరేషన్ చేయాల్సినంత ఏమీ లేదన్నారు. మాత్రలతో నెట్టుకొస్తున్నాను. రెండు నెలల క్రితం తెలిసినవాళ్లు చెబితే ఒక హోలిస్టిక్ థెరపీ సెంటర్‌లో చేరాను. సూదులు (అక్యుపంక్చర్), మసాజ్, ఊపిరి సాధన, ధ్యానం అన్నీ కలిపి చేస్తారు. మొదటి నెలలోనే తేడా తెలిసింది. నొప్పి సగానికి సగం తగ్గింది, మనసు తేలికపడింది.

వారం క్రితం "ఇక అసలు శుద్ధి మొదలుపెడదాం" అన్నారు. అప్పటినుంచి కొత్త బాధ. కళ్లు పక్కకి తిప్పితే చాలు, తల లోపల జిప్‌మని కరెంట్ కొట్టినట్టు అవుతోంది. నొప్పి కాదు. ఒక్క క్షణం లోకం ఆగి మళ్లీ మొదలైనట్టు ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదల్లేకపోతున్నాను. వికారం, చెమటలు, పిచ్చి కలలు. నడుంనొప్పి కూడా మళ్లీ మొదలైంది. చిన్న మాటకే ఏడుపు తన్నుకొస్తోంది.

థెరపిస్టుని అడిగితే ఇది హీలింగ్ క్రైసిస్, విషాలు బయటికి పోతున్నాయి, ఎంత ఎక్కువ బాధ ఉంటే అంత బాగా పని చేస్తున్నట్టు అన్నారు. ఇలా ఎవరికైనా అయిందా? ఎన్ని రోజులు ఓర్చుకోవాలి?

చిగురాకు
భయపడకండి అండీ. నా మొదటి శుద్ధిలో నాలుగు రోజులు తల పగిలిపోయింది, ఆ తర్వాత ఒళ్లు దూదిపింజలా అయింది. ఏళ్ల తరబడి లోపల పేరుకున్నది బయటికి రావాలి కదా. మధ్యలో వదిలేస్తే చేసిందంతా వృథా. విశ్రాంతి తీసుకోండి, తగ్గిపోతుంది.

తీపి_గుళిక
హోమియోలో కూడా ఇంతే. ముందు కాస్త ఎక్కువైతేనే మందు పట్టిందని లెక్క.

మందుల_లెక్క
వెన్నెల గారూ, ఒక్క ప్రశ్న. శుద్ధిలో భాగంగా ఇంతకుముందు వాడుతున్న మాత్ర ఏదైనా ఆపేశారా? ఆపితే ఏది, ఎప్పుడు, ఒక్కసారిగానా, తగ్గించుకుంటూనా?

సందేహి
పై ప్రశ్నకి జవాబు వచ్చేదాకా "మామూలే" అని ఎవరూ అనకండి, దయచేసి.

వెన్నెల_వాన
ఆపాను. డ్యులోక్సెటిన్ 60, ఏడాదిన్నరగా రోజూ రాత్రి వేసుకునేదాన్ని. అది మనసుకి ఇచ్చే మందనీ, శక్తి ప్రవాహానికి అడ్డమనీ, అది ఒంట్లో ఉన్నంతకాలం శుద్ధి జరగదనీ అన్నారు. ఒక్కసారిగానే ఆపేశాను. ఇవాళ్టికి ఆరు రోజులు. దానికీ దీనికీ సంబంధం ఉందా? మందు మానితే జబ్బు తిరిగి రావాలి కానీ, ఎప్పుడూ లేని కరెంట్ షాకులు ఎందుకు వస్తాయి?

మందుల_లెక్క
సంబంధం ఉంది. మీరు రాసిన ప్రతి లక్షణం ఆ మందు హఠాత్తుగా ఆపినప్పుడు వచ్చేవాటి జాబితాలో ఉంది. కళ్లు తిరగడం, వికారం, చెమటలు, భయపెట్టే కలలు, చిరాకు, ఏడుపు. ఆ కరెంట్ షాకులకి ఇంగ్లీషులో బ్రెయిన్ జాప్స్ అనే పేరే ఉంది. కళ్లు పక్కకి తిప్పినప్పుడే రావడం చాలామంది చెప్పే మాట. నేను మందుల షాపులో పని చేసే ఫార్మసిస్టుని, ఇది వారానికి ఒకరి నోట వింటాను.

ఎందుకంటే, ఏడాదిన్నరగా ఆ మందు మెదడులో సెరోటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రెండు రసాయనాల మట్టాన్ని మారుస్తూ వచ్చింది. మెదడు దానికి తగ్గట్టు తనని తాను సర్దుకుంది. డ్యులోక్సెటిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, సుమారు 12 గంటలకి సగం పోతుంది. అంటే రెండు మూడు రోజుల్లో దాదాపు ఖాళీ. మెదడు మళ్లీ సర్దుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ మధ్యలో పడేదే ఈ అవస్థ. ఇది వ్యసనం కాదు, మీ మనసు బలహీనతా కాదు. అందుకే ఈ మందుల్ని డాక్టర్లు మెల్లగా, మెట్టు మెట్టుగా దింపుతారు.

ఇంకో సంగతి. డ్యులోక్సెటిన్ మనసుకి మాత్రమే ఇచ్చే మందు కాదు. దీర్ఘకాలిక నడుంనొప్పికి, నరాల నొప్పికి కూడా ఇస్తారు. మీ డాక్టరు దాన్నే ఎంచుకోవడానికి బహుశా అదే కారణం, ఒకే మాత్రతో రెండూ చూసుకోవచ్చని. నొప్పి ఇప్పుడు తిరిగొచ్చింది కూడా అందుకే కావచ్చు.

ఇవాళే మీ డాక్టరుకి ఫోన్ చేయండి. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రేపటిదాకా ఆగొద్దు, అత్యవసర విభాగానికి వెళ్లండి.

చిగురాకు
ఆ మాత్ర సంగతి నాకు తెలియదు. నేను మొదట రాసింది మందులేవీ వాడని నా ఒంటి గురించి. అయినా హీలింగ్ క్రైసిస్ కట్టుకథ కాదు, హెర్క్స్‌హైమర్ రియాక్షన్ అని వైద్యంలోనే ఉంది.

మందుల_లెక్క
ఉంది. సిఫిలిస్ లాంటి ఇన్‌ఫెక్షన్లలో యాంటీబయాటిక్ వేయగానే క్రిములు గుంపుగా చచ్చి, కొన్ని గంటల్లో జ్వరం, వణుకు వస్తాయి. ఒక రోజులో తగ్గుతుంది. చచ్చిన క్రిముల వల్ల వచ్చేది అది. వెన్నెల గారి విషయంలో క్రిమీ లేదు, యాంటీబయాటికూ లేదు. పేరు ఒక చోటు నుంచి తెచ్చి ఇంకో చోట అంటించారు.

సందేహి
నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది "ఎంత బాధ ఉంటే అంత బాగా పని చేస్తున్నట్టు" అన్న మాట. తగ్గితే మా గొప్ప, పెరిగితే ఇంకా మా గొప్ప. మరి పని చేయడం లేదని తెలుసుకునే దారి ఏది? ఏ వైద్యమైనా సరే, ఎప్పుడు ఆపాలో ముందే చెప్పలేకపోతే నేను గడప తొక్కను.

నడుంనొప్పి_నేస్తం
నేను పదకొండేళ్ల పాత కాపుని ఈ నొప్పికి. వెన్నెలా, ముందు ఫోన్ చేయమ్మా, తర్వాత మిగతావి చదువు.

చేశాక ఇది చదువు. నీకు మొదటి నెలలో తగ్గింది భ్రమ కాదు. సూదుల మీద నేను చాలా చదివాను, చాలా పొడిపించుకున్నాను కూడా. జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1162 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2007లో వచ్చింది. కొందరికి సంప్రదాయం చెప్పిన బిందువుల్లో లోతుగా సూదులు, కొందరికి ఆ బిందువులు కాని చోట పైపైన సూదులు, మిగతావాళ్లకి మాత్రలు, వ్యాయామం లాంటి మామూలు చికిత్స. ఆరు నెలల తర్వాత చూస్తే అసలు సూదులతో మెరుగైనవాళ్లు 47.6 శాతం, ఉత్తుత్తి సూదులతో 44.2, మామూలు చికిత్సతో 27.4.

ఆ అంకెల్ని రెండు రకాలుగా చదవొచ్చు. బిందువులూ నాడులూ అన్న సిద్ధాంతం నిలబడలేదు, ఎక్కడ పొడిచినా ఒకటే. కానీ పడుకోబెట్టి, శ్రద్ధగా చూసి, వారానికి రెండుసార్లు ఒళ్లు తాకి చేసే ఏదో ఒకటి మామూలు చికిత్స కంటే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. నేను ఆ రెండోదాని కోసం వెళ్తాను. నాకు సూదులు గుచ్చేవాడు ఒక్కనాడూ "మాత్ర మానెయ్" అనలేదు.

సందేహి
నేస్తం గారి అంకెలు సరైనవే. ఒకటే చేరుస్తాను. మూడో గుంపులో చాలామంది అప్పటికే ఆ చికిత్సలతో విసిగిపోయినవాళ్లు అయి ఉండొచ్చు. కొత్తది దొరికిందన్న ఆశ వాళ్లకి లేదు. సూదుల గుంపులకి ఆ ఆశ ఉంది.

నడుంనొప్పి_నేస్తం
ఆశ కూడా పని చేస్తుందని నేనూ అంటున్నాను.

తీపి_గుళిక
సందేహి గారికి ప్రతిదీ అనుమానమే. మా అమ్మాయి చర్మం మీది దద్దుర్లు రెండేళ్లు ఏ క్రీముకీ లొంగలేదు, హోమియోతో నాలుగు నెలల్లో పోయాయి. కళ్లారా చూసింది కాదనమంటారా?

సందేహి
మీరు చూసింది కాదనను. పాపకి తగ్గినందుకు సంతోషం. ఎందువల్ల తగ్గింది అన్నదే నా ప్రశ్న. చర్మం జబ్బులు వాటంతట అవే పెరుగుతాయి, తగ్గుతాయి. మరీ ఎక్కువైనప్పుడే కొత్త డాక్టరు దగ్గరికి పరుగెడతాం, అంటే ఎలాగూ దిగాల్సిన సమయంలో మందు మొదలవుతుంది. పేరు దానికి వస్తుంది.

హానెమాన్ 1796లో హోమియో సిద్ధాంతం రాశాడు. హోమియో మందు పేరు పక్కన కనిపించే 30సి అంటే వందలో ఒక వంతుగా 30 సార్లు పలచన చేసింది, అంటే ఒకటి పక్కన 60 సున్నాలు. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువు మిగిలే అవకాశం కూడా ఉండదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 2015లో అన్ని అధ్యయనాలూ చూసి, హోమియో పని చేస్తుందనడానికి నమ్మదగిన రుజువు ఏ ఒక్క జబ్బులోనూ లేదని తేల్చింది.

తీపి_గుళిక
మరి రెండు వందల ఏళ్లుగా కోట్ల మంది ఎందుకు వెళ్తున్నారు?

సందేహి
హానెమాన్ కాలంలో పెద్ద డాక్టర్లు నరం కోసి రక్తం తీసేవాళ్లు, పాదరసం తాగించేవాళ్లు. వాళ్లతో పోలిస్తే ఏమీ లేని గుళికలు, గంటసేపు ఓపిగ్గా వినడం ఎంతో మేలు. రోగులు బతికారు. ఈ మాట హానెమాన్ మీద గౌరవంతోనే అంటున్నాను, తన కాలపు వైద్యం మనుషుల్ని చంపుతోందని గుర్తించినవాడు ఆయన. అయితే ఇప్పటి వైద్యం ఆనాటిది కాదు.

ఫిజియో_రాధ
వెన్నెల గారూ, ఫోన్ చేశారా? మిగతా చర్చ ఎప్పుడైనా చేసుకోవచ్చు.

వెన్నెల_వాన
చేశాను. డాక్టరు లేరు, సాయంత్రం తిరిగి చేస్తామన్నారు. మందుల_లెక్క గారూ, ఈలోపు ఇంట్లో ఉన్న ఆ మాత్ర ఒకటి వేసేసుకోనా? ఈ షాకులు భరించలేకపోతున్నాను. ఇంకో విషయం, శుద్ధితో పాటు "ప్రశాంతత" కోసమని మూలికల క్యాప్సూల్స్ ఇచ్చారు. రోజుకి మూడు. అవి మొక్కలతో చేసినవే కాబట్టి ఇందాక రాయలేదు.

మందుల_లెక్క
ఆగండి. మాత్ర వేసుకోకండి. క్యాప్సూల్స్ సీసా తీసి లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మొక్కల పేర్లు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి.

వెన్నెల_వాన
హైపెరికమ్ పెర్ఫొరేటమ్, 300 మిల్లీగ్రాములు. ఇంకో రెండు పేర్లు ఉన్నాయి, సిరా చెదిరిపోయింది, చదవడానికి రావడం లేదు.

మందుల_లెక్క
నేను భయపడింది సరిగ్గా దీనికే. హైపెరికమ్ అంటే సెయింట్ జాన్స్ వోర్ట్. దిగులుకి వాడే మూలిక. తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌లో అది పని చేస్తుందని మంచి అధ్యయనాలే ఉన్నాయి, కాబట్టి అది ఉత్త గడ్డి కాదు. పని చేస్తుంది కాబట్టే ప్రమాదం. అదీ సెరోటోనిన్ మీదే పని చేస్తుంది. దాని మీద డ్యులోక్సెటిన్ పడితే సెరోటోనిన్ మితిమీరి పెరగవచ్చు. వణుకు, విపరీతమైన చెమట, జ్వరం, గుండె పరుగు, కండరాలు బిగుసుకోవడం, మాట తికమక. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

పైగా అది కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని పెంచుతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అవయవ మార్పిడి చేసినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్, ఇవన్నీ దాని వల్ల బలం కోల్పోతాయి. ఆపాక కూడా ఆ ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది.

ఆ సీసా పట్టుకుని వెళ్లి డాక్టరుకి చూపించండి. మళ్లీ ఎప్పుడు, ఎంతతో మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి, నేను కూడా చెప్పకూడదు. సాయంత్రం దాకా ఎదురుచూడకుండా మళ్లీ ఫోన్ చేసి, ఈ రెండు పేర్లూ ఒకే వాక్యంలో చెప్పండి. అప్పుడు వాళ్లే తొందరపడతారు.

వెన్నెల_వాన
చేతులు చల్లబడిపోయాయి. వెళ్తున్నాను.

చిగురాకు
వెన్నెల గారూ, క్షమించండి. అడగకుండానే "మామూలే" అన్నాను. నా మాట విని ఇంకో వారం ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో.

రాత్రి_కాపలా
చిగురాకు, ఒప్పుకున్నారు చూడండి, అది పెద్ద మాట. ఇలాంటి చర్చల్లో అరుదు.

చిగురాకు
తప్పు ఒప్పుకున్నానని ఈ దారిని మొత్తం వదిలేశానని కాదు. పాత వైద్యంలో నిజం ఉంది. మలేరియాకి ఇచ్చే ఆర్టిమిసినిన్ చైనా పాత గ్రంథంలోంచి వచ్చిందే కదా. దాన్ని వెలికితీసిన తూ యుయు గారికి 2015లో నోబెల్ ఇచ్చారు.

సందేహి
నాకు ఎంతో ఇష్టమైన కథ అది. ఆవిడ ఏం చేశారో చూడండి. మొక్కని వేడి చేసి తీసిన సారం సరిగా పని చేయలేదు. పాత గ్రంథంలో ఆకుని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది, మరిగించమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావకంతో తీశారు. జంతువుల మీద చూసి, తర్వాత తన మీదే వేసుకుని చూసి, ఆ తర్వాతే రోగులకి ఇచ్చారు. గ్రంథాన్ని గౌరవించడమంటే అదీ. మన సర్పగంధి కూడా అంతే. దాన్నుంచి రిసెర్పిన్‌ని 1952లో వేరు చేశారు, రక్తపోటుకి తొలి మందుల్లో అది ఒకటి. దానివల్ల కొందరికి దిగులు కమ్ముకుంటుందని బయటపడింది కూడా అలా కొలిచి చూడబట్టే.

మందుల_లెక్క
మొక్కే కదా అనుకునేవాళ్లకి ఇంకో కథ. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఒక మూలికల మిశ్రమం ఇచ్చారు. అందులో ఒక మొక్క బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసింది. పేర్లు దగ్గరగా ఉండటంతో వచ్చిన పొరపాటు. వాడిన ఆడవాళ్లలో చాలామందికి కిడ్నీలు పోయాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. లేబుల్ మీద సిరా చెదిరిపోయి రెండు పేర్లు కనిపించడం లేదని వెన్నెల గారు రాసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

పాత_గొంతు
మా అక్క గురించి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. రొమ్ములో గడ్డ కనిపించినప్పుడు చిన్నదే. ఆపరేషన్ చేస్తే సరిపోతుందన్నారు. కత్తి పడితే పాకుతుందని, ఆహారంతోనూ ధ్యానంతోనూ కరిగిస్తామని ఒకరు చెప్పారు. తొమ్మిది నెలలు వాళ్ల దగ్గరే. గడ్డ గట్టిపడితే "చుట్టూ గోడ కట్టుకుంటోంది, మంచిదే" అన్నారు. పుండు పడితే "బయటికి వస్తోంది" అన్నారు. అక్క చివరిదాకా నమ్మింది. తిరిగి ఆసుపత్రికి వెళ్లేసరికి ఎముకల్లోకి వెళ్లిపోయింది.

అందుకే వెన్నెల గారి మొదటి పోస్టులో "ఎంత బాధ ఉంటే అంత మంచిది" అన్నది చదవగానే కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

మందుల_లెక్క
గొంతు గారూ, రాసినందుకు దండాలు. మీ అక్కలాంటివాళ్ల లెక్క అమెరికాలో తీశారు, 2018లో అచ్చయింది. ఇంకా పాకని దశలో ఉండి, క్యాన్సర్‌కి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చారు. చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లు దాటింది.

నిర్వాహకులు
ఇక్కడ ఏ సెంటర్ పేరూ, ఏ వ్యక్తి పేరూ రాయకండి. ఇద్దరు ప్రైవేటు మెసేజ్‌లో అడిగారు, అక్కడ కూడా వద్దు.

రాత్రి_కాపలా
ధ్యానం గురించి నా అనుభవం చెప్తాను, అందరికీ ఒకేలా ఉండదని తెలియాలి. నిద్ర కోసం మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని శ్వాస మీద దృష్టి పెట్టమన్నారు. మూడో రోజుకే శ్వాస అందనట్టు, గుండె నోట్లోకి వచ్చినట్టు. పాత ప్రమాదం ఒకటి కళ్ల ముందు సినిమాలా తిరిగింది. నేర్పేవాళ్లకి చెబితే ఇంకా లోతుకి వెళ్లమన్నారు. వెళ్లాను, ఇంకా పాడైంది.

తర్వాత చూసిన సైకాలజిస్టు ఒక్క మాటతో సర్దారు. కళ్లు తెరిచి కూర్చో, శ్వాస వదిలేసి అరికాళ్లు నేలకి తగిలే చోటు గమనించు, మూడు నిమిషాలు చాలు. అంతే. ఇప్పుడు నాకు అదే ధ్యానం. జాన్ కబాట్ జిన్ 1979లో నొప్పితో బాధపడేవాళ్లకి మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు మొదలుపెట్టినప్పుడు కూడా వారాల తరబడి, నేర్పేవాళ్ల కళ్ల ముందే. ఎవరికి వారు వీడియో చూసి పది రోజుల మౌనంలోకి దూకేది కాదు అది.

ఫిజియో_రాధ
నడుంనొప్పి సంగతికొస్తే, అమెరికా ఫిజీషియన్ల సంఘం 2017లో ఇచ్చిన సూచనల్లో దీర్ఘకాలిక నొప్పికి మాత్రల కంటే ముందు చూడమన్నవి వ్యాయామం, యోగా, తాయ్ చీ, అక్యుపంక్చర్, మైండ్‌ఫుల్‌నెస్ లాంటివి. మాత్రలు రెండో వరుస. డ్యులోక్సెటిన్ అందులోనే ఉంది. అంటే వెన్నెల గారు ఆ సెంటర్‌లో చేసినవాటిలో సగం డాక్టర్లు కూడా చేయమనేవే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బాగుపడేవాళ్లు ఎవరంటే, ఏది చేసినా ఆరు నెలలు వదలకుండా చేసేవాళ్లు.

మెడ విరిచే చోట మాత్రం జాగ్రత్త. మెడని ఒక్క కుదుపుతో తిప్పినప్పుడు మెదడుకి వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. అరుదే, కానీ ఉన్నాయి.

తీపి_గుళిక
రేకీ గురించి ఎవరూ అనలేదు. దూరం నుంచే శక్తి పంపుతారు కదా, దానితో హాని ఏముంది?

సందేహి
హాని లేకపోవచ్చు. శక్తి ఉందా అన్నది వేరు. అమెరికాలో ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ల పాప ఒక చిన్న పరీక్ష పెట్టింది. రేకీకి దగ్గరగా ఉండే థెరప్యుటిక్ టచ్ చేసే 21 మందిని అట్ట వెనక కూర్చోబెట్టి, చేతులు రెండూ బయటికి పెట్టించింది. ఏదో ఒక చేతి మీద తన చెయ్యి ఆనించకుండా పట్టి, ఏ చేతి దగ్గర శక్తి తెలుస్తోందో చెప్పమంది. 280 సార్లలో సరిగ్గా చెప్పింది 44 శాతం. నాణెం ఎగరేసినా సగం వస్తుంది. 1998లో పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది.

వెన్నెల_వాన
ఆసుపత్రి నుంచి వచ్చాను. నాడి, బీపీ, జ్వరం చూశారు. మోకాలి మీద సుత్తితో కొట్టి చూశారు, కాలు మామూలు కంటే ఎక్కువ ఎగురుతోందా అని. ప్రస్తుతానికి ప్రమాదం లేదన్నారు. క్యాప్సూల్స్ వెంటనే ఆపమన్నారు. కొన్ని రోజులు ఆగి 30తో మళ్లీ మొదలు, రోజూ ఫోన్ చేసి ఎలా ఉందో చెప్పాలి. తర్వాత నిజంగానే మానాలనుకుంటే నెలల మీద మెల్లగా దింపుదాం, నాకేమీ అభ్యంతరం లేదు, చెప్పకుండా ఆపొద్దు అన్నారు.

మందుల_లెక్క గారూ, ఆ సీసా బల్ల మీద పెట్టగానే డాక్టరు ముఖం మారింది. ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుని ఉంటే అని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఒక్క మాట అడగాలని ఉంది మీ అందర్నీ. ఇంత జరిగినా ఆ థెరపిస్టు మీద నాకు పూర్తిగా కోపం రావడం లేదు. మొదటి రోజు ఆవిడ నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని గంటన్నర విన్నారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగింది, రాత్రి ఎటు తిరిగి పడుకుంటావు. మూడేళ్లలో ఏ డాక్టరూ అడగనివి. డాక్టర్లందరూ తెర వైపు చూస్తూ టైప్ చేసుకున్నారు. మాత్ర ఎందుకు ఇస్తున్నారో కూడా చెప్పలేదు. అది నొప్పి మాత్ర కూడా అని నాకు ఇవాళ ఇక్కడ తెలిసింది. తెలిసి ఉంటే ఆపేదాన్నా?

నడుంనొప్పి_నేస్తం
ఆపేదానివి కాదమ్మా.

మందుల_లెక్క
ఈ మాట మా వైపు వాళ్లందరూ చదవాలి. కౌంటర్ దగ్గర నేను కూడా "రాత్రి ఒకటి" అని చెప్పి కవరు చేతికిచ్చి పంపినవాళ్లు ఎంతమందో.

2008లో ఒక అధ్యయనం వచ్చింది. కడుపులో మెలిపెట్టే ఐబీఎస్ జబ్బు ఉన్న 262 మందిని తీసుకున్నారు. ఒక గుంపుని ఊరికే వెయిటింగ్ లిస్టులో పెట్టారు. రెండో గుంపుకి ఉత్తుత్తి సూదులు, మాటలు మాత్రం ముక్తసరిగా. మూడో గుంపుకి అవే ఉత్తుత్తి సూదులు, కానీ మొదటి రోజు ముప్పావు గంట కూర్చుని, కళ్లలోకి చూసి, ఓపిగ్గా విని, బాగవుతుందని భరోసా ఇచ్చారు. మూడు వారాలకి తగినంత ఉపశమనం వచ్చిందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం. మందు లేదు, సూది కూడా అసలుది కాదు. మనిషి వినడమే ఆ చివరి తేడా. మీకు మొదటి నెల తగ్గిన దాంట్లో అది పెద్ద వాటా అని నా నమ్మకం.

సందేహి
దీనితో నాకు ఏ గొడవా లేదు. గంటన్నర విన్న మనిషి చివర్లో "ఆ మాత్ర ఇచ్చిన డాక్టరుతో ఒకసారి మాట్లాడు" అని ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. వినడం వల్ల నమ్మకం వచ్చింది, ఆ నమ్మకాన్ని తనకి తెలియని చోట వాడారు. నాకు మంట అక్కడ.

పాత_గొంతు
అక్క కూడా అదే అనేది. "అక్కడ నన్ను పేరు పెట్టి పిలుస్తారు" అని.

చిగురాకు
వెన్నెల గారూ, వెళ్లాలనిపిస్తే మసాజ్‌కీ సూదులకీ వెళ్లండి, కానీ మీరు వాడే మందుల చీటీ ఒకటి రాసి వాళ్ల చేతిలో పెట్టండి. వాళ్లిచ్చేవాటి చీటీ డాక్టరు చేతిలో పెట్టండి. ఎవరైనా ఆ చీటీ చూసి చిరాకు పడితే అక్కడ మీకు పని లేదు. నేను ఇవాళ నుంచి నా చీటీ రాసుకుంటున్నాను.

వెన్నెల_వాన
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అడిగినవాళ్లందరికీ ఒకేసారి.

మాత్ర 30తో మొదలై నాలుగు రోజులైంది. క్యాప్సూల్స్ లేవు. షాకులు రోజుకి రెండో మూడో, అదీ బాగా అలసిపోయినప్పుడు. థెరపిస్టుకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మొదట మౌనంగా ఉన్నారు. తర్వాత ఆ క్యాప్సూల్స్‌లో ఏముందో తనకి పూర్తిగా తెలియదని, తయారుచేసేవాళ్లు చెప్పిందే చెప్పానని అన్నారు. ఇంకెవరెవరికి ఇచ్చారో వాళ్లందరికీ ఇవాళే చెప్పండని అడిగాను. చెప్తానన్నారు. రెండు రోజులాగి మళ్లీ ఫోన్ చేసి చెప్పారా అని అడిగాను కూడా. తొమ్మిది మందికి చెప్పారట, ఒకరు వార్ఫరిన్ వాడుతున్నారట.

మందుల_లెక్క
ఆ వార్ఫరిన్ మనిషిని రక్త పరీక్ష చేయించుకోమనండి. ఐఎన్ఆర్ అని అడిగితే చేస్తారు. ఆలస్యం వద్దు.

వెన్నెల_వాన
చెప్పించాను. నిన్న చేయించుకున్నారట, డోసు మార్చారట.

రాధ గారూ, మీరు చెప్పిన వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలో మెసేజ్ పెడతాను. సూదులకి మళ్లీ వెళ్లాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. ఇవాళ పొద్దున మెట్లు దిగి కిందికి వచ్చాక గుర్తొచ్చింది, రెయిలింగ్ పట్టుకోలేదని.

రాత్రి_కాపలా
నిద్ర?

వెన్నెల_వాన
నాలుగున్నర గంటలు. పుస్తకంలో రాసుకుంటున్నాను.

రాత్రి_కాపలా
రాస్తూ ఉండండి. పొద్దున లేచే టైమ్ మాత్రం మార్చకండి, ఎంత రాత్రైనా సరే. ఇరవై నిమిషాల్లో పట్టకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చోండి, కునుకు వచ్చినప్పుడే మళ్లీ వెళ్లండి. నిద్రకి మాత్రల కంటే ముందు ఈ పద్ధతే చెప్తారు ఇప్పుడు. మొదటి రెండు వారాలు నరకం, మూడో వారం తెలుస్తుంది. ఆ రాత్రుల్లో ఇక్కడికి రండి, నేను ఎలాగూ మేలుకునే ఉంటాను.